ఏడంగుళాల వాలు

మొన్న ఆళ్లగడ్డలో ఒక కొత్త ఇంటికి వెళ్లాను. మా కార్ఖానా బండలే పరిచారు. కొలతలు సరిచూడడం నా పని. ఇంటి యజమాని చేతిలో ఉన్న నీళ్ల సీసాను నేల మీద పడుకోబెట్టి వదిలాడు. అది నెమ్మదిగా దొర్లుకుంటూ పోయి వీధి గుమ్మం దగ్గర ఆగింది. "చూడప్పా, ఇల్లంతా వాలిపోయి ఉండాది. ఇదేం పని?" అని మేస్త్రీ మీద లేచాడు. కడిగిన నీళ్లు బయటికి పోవడానికే ఆ వాలు పెట్టానని మేస్త్రీ అంటాడు. నన్ను తీర్పు చెప్పమన్నారు. రసమట్టం నేల మీద పెట్టి చూస్తూ కూర్చున్నాను గానీ నా ఆలోచన అక్కడ లేదు. నంద్యాలలో మా వీధి కండక్టరన్న ఇంట్లోనూ సీసా దొర్లేది. అక్కడ అది గుమ్మం దగ్గర మొదలై ఇంట్లోకి దొర్లేది. ఆయన ఇదే ఆళ్లగడ్డలో, తమ్ముడి ఇంట్లో చనిపోయి ఏడాది దాటింది.

ఆయన ఇల్లు మా ఇంటికి రెండిళ్ల అవతల. బస్సు కండక్టరుగా రిటైరయ్యాక పెరట్లో రేకుల చాటున చెక్కపని పెట్టుకున్నాడు. ఎవరూ నేర్పిన పని కాదు, డబ్బుకోసం చేసేది కాదు. సొంత ఇంటికి ఏది చెడిపోతే అది బాగుచేసుకునేవాడు. ఏదీ చెడిపోకపోతే ఇరుగుపొరుగు ఇళ్లలో ఊగుతున్న మంచం ఏదైనా ఉందేమో చూసి తెచ్చుకునేవాడు. పని కుదిరితే చెక్క మీద అరచేత్తో రెండు దెబ్బలు కొట్టి "రైట్" అనేవాడు. తేడా వస్తే ఒకటే దెబ్బ, "హోల్డాన్". పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఆయన నోటినుంచి వచ్చే మాటలు దాదాపు ఈ రెండే.

కొత్త మేకు కొన్నట్టు నేను చూడలేదు. వంకరపోయిన మేకును బండముక్క మీద పెట్టి, వేలితో దొర్లిస్తూ, సుత్తితో మెల్లగా తట్టి తిన్నగా చేసేవాడు. సొరుగు బిగుసుకుంటే కొవ్వొత్తి ముక్క రుద్దేవాడు. స్క్రూ పట్టు తప్పిన బెజ్జంలో జిగురులో ముంచిన అగ్గిపుల్లలు దూర్చి మళ్లీ బిగించేవాడు. అతికించిన చెక్కలు ఊడకుండా పాత సైకిల్ ట్యూబును పీలికలుగా కోసి చుట్టేవాడు. రంపపు పొట్టు కూడా పారేసేవాడు కాదు. టేకుది ఒక డబ్బా, వేపది ఒక డబ్బా, తుమ్మది ఒక డబ్బా. ఏ చెక్కలో చీలిక వస్తే ఆ చెక్క పొట్టునే జిగురుతో ముద్ద చేసి పూడ్చేవాడు. ఒక్క పని మాత్రం చెయ్యమంటే ఆయనకు చెయ్యి వచ్చేది కాదు: పొడుగు చెక్కను కోయడం. "కోసినాక మళ్లా పెరగదు కదప్పా" అనేవాడు. రెండడుగుల అల్మారాకు మూడడుగుల చెక్క వేసి, మిగిలిన అడుగు గోడ దాటి బయటికి పొడుచుకొచ్చినా అలాగే ఉంచేవాడు. దాని మీద వాళ్లావిడ పూలకుండీ పెట్టింది.

మాట్లాడేదంతా ఆమే. నేను వదినా అని పిలిచే ఆమె గురించి చెప్పాలంటే వాళ్లింటి గడప గురించి చెప్పాలి. సాయంత్రం అయ్యేసరికి వీధి గడప పక్కన గోడకు ఆనుకుని కూర్చునేది. చేతిలో బియ్యం చాట ఉండేది గానీ చూపు బియ్యం మీద ఉండేది కాదు. వీధిలో ఎవరూ ఆమెకు బదులు చెప్పకుండా దాటిపోలేరు.

ఆయన కొలిచేటప్పుడు టేపు అవతలి కొస పట్టుకోవడం కూడా ఆమె పనే. కూర్చున్న చోటినుంచి లేవకుండానే పట్టుకునేది.

"గట్టిగా పట్టుకోమే."

"పట్టుకునే ఉండా. ఏం పిల్లా, ఈ పొద్దు కాలేజీ ల్యాదా? మీయమ్మకు జరం తగ్గిందా?"

"కదిలిస్తాండావు."

"అబ్బ, ఉండవయ్యా. కండక్టరుకు టికెట్టు కొట్టేది తెలుసు, మనిషిని పలకరించేది తెలీదు. తగ్గిందా పిల్లా?"

మాట మధ్యలో ఆమె చెయ్యి ఊపేది. టేపు సర్రున వెనక్కి పోయి ఆయన వేలికి తగిలేది. "హోల్డాన్!" అని కేకేసేవాడు. ఎదురింటివాళ్లు కూడా నవ్వేవాళ్లు.

తర్వాత ఆమెకు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి, కుడికాలు, మాట మూడూ పోయాయి. తెలివి మాత్రం పూర్తిగా ఉంది. లోపలి గదిలో మంచం మీద పడుకోబెట్టారు. ఆ గదికి ఉన్నది ఒకే కిటికీ, అది పెరటి గోడ వైపు. మొదట్లో చూడ్డానికి జనం వచ్చారు. మాట రాని మనిషి దగ్గర ఏం మాట్లాడాలో తెలియక, భర్తను అడుగుదామంటే ఆయన అసలే మాట్లాడక, వచ్చినవాళ్లు గోడ మీద క్యాలెండరు చూసి వెళ్లేవారు. కొన్నాళ్లకు రావడం తగ్గింది.

ఆయన ఆమె ఎడమచేతికి అందేలా మంచం పట్టెకు ఒక చెక్కముక్కను తాడుతో కట్టాడు. "మన బస్సు గంటే" అని చెప్పాడు. ఒక దెబ్బ అయితే ఆపు, వద్దు. రెండయితే పోనీ, సరే. ఆమె జీవితమంతా వెక్కిరించిన కండక్టరు భాషే చివరికి ఆమెకు మిగిలింది. సాయంత్రం ఆ వేళకు మాత్రం ఆమె ఆపకుండా కొట్టేదట. వద్దూ కాదు, సరే కాదు, ఊరికే కొట్టేది. "బయటికి పోవల్లంటాది. ఇంగేముండాది?" అన్నాడు నాతో. ఆమెను మళ్లీ వీధి గుమ్మంలో కూర్చోబెట్టాలి. ఆయనకు ఇక వేరే పని లేకుండా పోయింది.

బంధువుల ఇంట్లో వాడకుండా పడున్న చక్రాల కుర్చీ ఒకటి తెచ్చుకున్నాడు. లోపలి గది నుంచి నడవలోకి రావడానికి అడ్డేమీ లేదు. నడవ దాటితే వీధి గడప. పాతకాలపు దర్వాజా, గడప ఎత్తు లోపలినుంచి ఏడున్నర అంగుళాలు. కుర్చీని వెనక్కి వంచి ఎత్తబోతే ఆమె జారింది. నలుగురిని పిలిచి ఎత్తించవచ్చు. కానీ రోజూ నలుగురిని ఎక్కడ తెస్తాడు? పైగా పరాయి మగవాళ్లు పట్టుకుని ఎత్తితే ఆమె ఎడమచెయ్యి గాలిలోనే ఒక దెబ్బ కొట్టేది.

వీధి చివర ఉండే వడ్రంగి వచ్చి చూసి, "కోసేస్తే పాయె గదన్నా, అరగంట పని" అన్నాడు. కండక్టరన్న లోపలికి వెళ్లాడు. నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను కాబట్టి విన్నాను.

"గడప కోస్తానంటాడు. కోపిద్దామా?"

ఒక దెబ్బ.

"కోస్తే నువ్వు రోజూ ఆడ కూచోవచ్చు."

ఒకే దెబ్బ, మొదటిదానికన్నా గట్టిగా.

ఆ గడపకు శుక్రవారం శుక్రవారం పసుపు రాసి బొట్లు పెట్టిన చెయ్యి అది. ఆమె మంచం పట్టాక ఆ పని ఆయన చేస్తున్నాడు. గడ్డం గీసుకునే కుంచె ఒకటి కొత్తది తీసి పసుపు పూసేవాడు. బొట్టుకూ బొట్టుకూ మధ్య బొటనవేలు ఆనించి కొలిచి పెట్టేవాడు. ఆయన బయటికి వచ్చి వడ్రంగితో ఆమె మాట చెప్పలేదు. "నల్లరేగడి నేలప్పా ఇది. వాన పడితే ఉబ్బుతాది, ఎండకు బిగుస్తాది. గడప తీస్తే దర్వాజా కాళ్లు రెండూ దగ్గరికొస్తాయి, తలుపు పడదు" అన్నాడు. అదీ నిజమే. మా వీధిలో గడప తీయించుకున్న రెండిళ్లలో వానాకాలం తలుపును భుజంతో తోసి వేసుకోవాలి.

మర్నాడు పొద్దున్నే మా ఇంటికి వచ్చాడు.

"వాలు కట్టల్ల. ఎంత ఎత్తుకు ఎంత పొడుగు?"

"ఒక మనిషే తోయాలంటే అంగుళానికి అడుగు అన్నా. గడప అంచుకు అర అంగుళం కిందికే ఆపితే తలుపు రెక్కలు ఆడతాయి, ముందు చక్రాలు దాటిపోకుండా ఆ అర అంగుళమే ఆపుతుంది. ఏడంగుళాలకు ఏడడుగులు. పైన కుర్చీ నిలవడానికి మూడడుగులు సమంగా ఉండాలి. మొత్తం పది."

"నడవ పదే."

"కొలిచినావా?"

"బయట కాలువుండాది. ఇంగ యాడ కడ్తా?" అని వేళ్ల మీద ఏదో లెక్క పెట్టుకున్నాడు. "తోసే మనిషికి అరవై దాటింటే?"

"దానికి లెక్క లేదన్నా."

"ఉండాది. నిదానంగా తోస్తాడు."

మా బండల కార్ఖానాకు మిషన్లు వచ్చిన పెట్టెల చెక్కలు గోడవతల పడి ఉంటే అడిగి ఇప్పించాను. అన్నీ ఆరడుగులవి. వాలు మూడడుగుల వెడల్పు ఉంటే చాలు, చెక్కను నడిమికి కోస్తే సగం సామాను మిగులుతుంది, నడవలో సగం నేల ఎప్పటిలాగే ఉంటుంది అని చెప్పాను. ఆయన చెక్కలను ఒక్కొక్కటే చేత్తో తడిమాడు. "ఇంత మంచి చెక్కను కోసేదా?" అన్నాడు. నడవ వెడల్పు ఆరడుగుల నాలుగంగుళాలు. చెక్కలను కోయకుండా గోడనుంచి గోడకు పరిచేశాడు. అలా ఆ ఇంటి నడవ మొత్తం వాలైపోయింది.

పని ఒంటరిగానే చేశాడు. సాయం వస్తానంటే వద్దనేవాడు కాదు, పిలిచేవాడూ కాదు. నేను పోయేసరికి నాలుగు చెక్కలు బిగించి ఉండేవి. టేపు కొస పట్టడానికి గోడకు మేకు కొట్టి, కొసకు దారపు ఉచ్చు వేశాడు. దూలం అవతలి చివర లేవకుండా ఇసుక మూట పెట్టాడు. బరువైన చెక్కను కిటికీ ఊచలకు తాడు కట్టి వేలాడదీసి, మెల్లగా వదులుతూ దించేవాడు. ఉచ్చు మేకు మీదినుంచి ఒక్కసారి కూడా జారలేదు. హోల్డాన్ అనే అవసరం రాలేదు. ఆ ఇంట్లో అంత నిశ్శబ్దంగా పని జరగడం నేనెప్పుడూ చూడలేదు.

ఆమె బరువుకు సరిపడా ఇసుక మూటలు కుర్చీలో పెట్టి మొదట తోసి చూశాడు. పైకి చేరిందనుకుని, సమంగా ఉన్న చోటు ఇంకా అడుగు దూరం ఉండగానే చెమట తుడుచుకోవడానికి చెయ్యి వదిలాడు. కుర్చీ వెనక్కి తిరిగొచ్చి, వాలంతా దిగి, సరాసరి లోపలి గదిలోకి పోయి ఆమె మంచానికి కొట్టుకుని ఆగింది. ఒక్క క్షణం తర్వాత లోపలినుంచి ఒకే ఒక దెబ్బ వినిపించింది. మేం పరుగెత్తి వెళ్లి చూస్తే ఆమె కుర్చీలో కూర్చున్న ఇసుక మూట వైపు చూస్తూ సగం ముఖంతో నవ్వుతోంది. ఆయన తలుపు పట్టుకుని నవ్వాడు. ఆయన పళ్లు కనబడేలా నవ్వడం నేను ఆ ఒక్కసారే చూశాను.

టైరు ముక్కలు మేకులతో బిగించిన రెండు చెక్క ఆపులు చేశాడు, చక్రాల వెనక పెట్టడానికి. మొదటి సాయంత్రం ఆమెకు తల దువ్వి, కొత్త చీర చుట్టి, నిదానంగా తోసుకుంటూ పైకి తెచ్చాడు. గుమ్మంలో వెలుతురు ఆమె ముఖం మీద పడింది. కుర్చీ చేతి మీద ఆమె రెండు దెబ్బలు కొట్టింది. ఆయన గబుక్కున వెనక్కి తిరిగి ఆపులు సర్దాడు, అవి సరిగానే ఉన్నా.

ఆ వాలు మీదే ఆయన కాపురం. మంచం వేసుకోవడానికి ఉన్న చోటు నడవే. మొదట లోపలి వైపు కాళ్ల కింద చెక్కముక్కలు పెట్టాడు. తెల్లారేసరికి మంచం లోపలి గది గుమ్మానికి ఆనుకుని ఉండేది. చివరికి చెక్కను కోయలేని మనిషి రంపం పట్టాడు. వీధి గుమ్మం వైపు కాళ్లు ఆరంగుళాలు పొట్టిగా కోస్తే మంచం సమంగా నిలిచింది. తర్వాత రెండు కుర్చీలు, రెండు స్టూళ్లు, నీళ్లబిందె పెట్టుకునే బల్ల, అన్నిటికీ వీధి వైపు కాళ్లు కోశాడు. కోసిన ముక్కలు దాచాడు గానీ అవి దేనికీ పనికిరాలేదు. వచ్చినవాళ్లు కూర్చున్నా నేల ఒకవైపు, ఒళ్లు ఒకవైపు ఉన్నట్టుండేది. "తల తిరుగుతాదన్నా మీ ఇంట్లో" అని ఎదురింటాయన ఒకసారి వచ్చి మళ్లీ రాలేదు.

ఆమె గుమ్మంలో కూర్చుంది సరే, వీధి మాత్రం పాత వీధి కాదు. నడిచి పోయేవాళ్లు తక్కువ, అన్నీ బండ్లు. "బాగుండావా అక్కా!" అని కేక వినపడేది. ఆమె ఎడమచెయ్యి ఒళ్లోంచి లేచి, భుజం దాకా వచ్చి, బదులు చెప్పేసరికి బండి మలుపు తిరిగిపోయేది. ఆమె ఖాళీ వీధికి చెయ్యి ఊపి, మళ్లీ దించుకునేది. ఆయన వెనక నిలబడి చాలా రోజులు అది చూశాడు. ఆ తర్వాత పెరట్లోంచి పాత దూలం ముక్క ఒకటి తీసి, అంచులు చిత్రిక పట్టి, పైన టైరు చుట్టి, ఇంటికి ఇవతలగా వీధికి అడ్డంగా వేశాడు. సాయంత్రం వేసి, చీకటి పడగానే తీసేసేవాడు.

మొదటిరోజే ఒక కుర్రాడు బండి ఆపి దిగాడు.

"ఓ పెద్దాయనా, ఈ మొద్దు ఏంది? నడుము ఇరుగుతాది."

"నిదానంగా పో. ఆమె పలకరిస్తాది."

"ఆమెకు మాట రాదంట కదా?"

"చెయ్యి వస్తాది. టయిము పడ్తాది, అంతే."

"వీధంతా నీదేనా ఏంది?"

"ఆ దూలమే నాది."

కుర్రాడు గొణుక్కుంటూ బండెక్కాడు. దూలం దాటేటప్పుడు వేగం తగ్గించక తప్పలేదు. తగ్గించాక గుమ్మం వైపు చూడకా తప్పలేదు. ఆమె చెయ్యి పూర్తిగా పైకి లేచింది. వాడూ చెయ్యెత్తాడు.

పోట్లాటలు తర్వాత కూడా జరిగాయి. ఒకరిద్దరు దూలాన్ని కాలువలోకి తోసేశారు. ఆయన కడిగి మళ్లీ వేశాడు. కానీ ఆ సాయంత్రాల్లో చాలామంది ఆమె బదులు అందుకునే వెళ్లారు. కనకాంబరాలు అమ్మే ఆమె రోజూ ఆగి జడలో ఒక మూర పెట్టి పోయేది. ఆయన మాత్రం వాళ్లెవరితోనూ మాట్లాడేవాడు కాదు. ఒక చెయ్యి కుర్చీ మీద వేసి వెనకే నిలబడేవాడు.

రెండు వానాకాలాలు ఆమె అలా కూర్చుంది. మూడోదానికి లేదు. నిద్రలోనే పోయింది.

అస్థికలు కుందూ నదిలో కలపడానికి ఆయన వెంట నేనూ వెళ్లాను. తిరిగొచ్చేసరికి ఆళ్లగడ్డ నుంచి వచ్చిన తమ్ముడు గుమ్మంలో ఎదురొచ్చాడు. ఇద్దరు కూలీలు పెరట్లో చేతులు కడుక్కుంటున్నారు.

"అన్నా, నడవ బాగుచేయించినా. పెద్దకర్మకు ఆడోళ్లు, ముసలోళ్లు వస్తారు. ఆ చెక్కల మీద యాడన్నా జారి పడ్తే మాటొస్తాది. ఒక్కటి గూడ ఇరగలా, అన్నీ పెరట్లో పేర్పించినా. మేకులు గూడ ఏరిపెట్టినారు."

మంచి మనసుతో చేసిన పనే. కండక్టరన్న గడప ఇవతలే నిలబడి లోపలికి చూశాడు. కడిగిన నల్లబండల నేల సమంగా, తడిగా మెరుస్తోంది. ఆ సమమైన నేల మీద మంచం, కుర్చీలు, స్టూళ్లు, బిందె బల్ల ఎక్కడివక్కడే ఉన్నాయి. ముందు కాళ్లు పొట్టివి, వెనక కాళ్లు పొడుగువి. వీధిలో ఎవరో పిలిస్తే ఎవరా అని అన్నీ ఒక్కసారే గుమ్మం వైపు ముందుకు వంగి చూస్తున్నట్టు ఉన్నాయి.

తమ్ముడు అప్పుడే అది చూసినట్టున్నాడు. గొంతు తగ్గించాడు. "ఇవి ఇట్ల కోసింటావని నాకు తెలీదన్నా. ఏం కాదు, వెనక కాళ్లు గూడ సమానంగా కోపిద్దాం."

"వద్దు."

"పోనీ, మళ్లా ఏపిస్తా. చెక్కలు యాడికీ పోల్యా కదా."

"ఎవర్ని తోసేదానికిరా?"

తమ్ముడు గుమ్మంలోంచి పక్కకు తప్పుకున్నాడు. కండక్టరన్న గడప దాటి లోపలికి అడుగుపెట్టాడు. పాదం ఎత్తుకోసం వెతికినట్టు తడబడి, అంత కిందికి దిగి బండను తాకింది. నెమ్మదిగా పోయి ఒక స్టూలు మీద కూర్చున్నాడు. నేను రెండోదాని మీద కూర్చున్నాను. వాడి వాడి నున్నబడ్డ చెక్క. ఒళ్లు ముందుకు, గుమ్మం వైపు జారింది.

"కాళ్లు గట్టిగా తన్నిపట్టుకో అప్పా" అన్నాడు.

ఇద్దరం పాదాలు నేలకు అదిమిపెట్టి, జారిపోకుండా అలా కూర్చున్నాం.